కళ్ళం మూల మూడు బండలు

సినిమా వాళ్ళ కథ ఏమిటో తెలిసిన పూట నుంచి లిగెరీకి రొట్టె గొంతు దిగలేదు.

అంతకు ముందు రెండు రోజులూ అందరిలాగే ఆమె కూడా వేడుకగానే చూసింది. ఆగస్టు ఎండలో రెండు వ్యాన్లూ ఒక లారీ మూలుగుతూ పెత్రోవూని కొండ ఎక్కి వచ్చాయి. పెట్టెలు, తీగలు, గొడుగులు దించారు. దర్శకుడి పేరు మెనిస్. నలభై నిండని మనిషి, బక్కపలచన. ఊళ్ళోని రాతి బురుజుల చుట్టూ తిరుగుతూ గోడల్ని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరేవాడు. మూడో రోజు పొద్దున కాఫీ కొట్టు ముందు ఊరివాళ్ళని కూర్చోబెట్టి కథ చెప్పాడు.

"మన పూర్వీకులు ఆడిన నాటకం ఇది. రెండున్నర వేల ఏళ్ళ నాటిది. రాజ్యం కోసం యుద్ధం జరుగుతుంది. ఓడిన పక్షాన నిలబడ్డవాడు చచ్చిపోతాడు. రాజు చాటింపు వేయిస్తాడు, వాడి శవాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, పూడ్చకూడదు, ఏడవకూడదు, కుక్కలకీ గద్దలకీ వదిలేయాలని. వాడికో చెల్లెలుంది. ఆ పిల్ల ఒక్కతే వెళ్ళి..."

అరుగు చివర కూర్చుని బాదంకాయలు కొడుతున్న లిగెరీ చేతిలోని రాయి ఆమె వేలి మీద పడింది.

"...అన్నని పూడ్చిపెడుతుంది."

"ఏమేవ్, నెత్తురే!" అంది పక్కనున్న స్తవ్రియానీ. "కాయ కొట్టమంటే వేలు కొట్టుకుంటావేం? కథ వింటూ కళ్ళు ఎక్కడ పెట్టావు?"

లిగెరీ వేలు నోట్లో పెట్టుకుంది. అవతలి బల్ల దగ్గర సార్జెంట్ వ్రెత్తోస్ కాఫీ తాగుతున్నాడు. ఏథెన్సులో కర్నల్‌లు సైన్యంతో గద్దెనెక్కిన ఏడాది బదిలీ మీద ఈ ఊరి ఠాణాకి వచ్చాడు. అతను కప్పు దించి ఆమె వైపు చూశాడు. ఊరికే చూశాడో, ఎందుకు చూశాడో.

ఎవరు చెప్పారు? లిగెరీ తలలో ఇదొక్కటే తిరిగింది. ఎవరో చెప్పారు. అందుకే వీళ్ళని పంపారు. సినిమా లేదు, గినిమా లేదు.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, అన్నదమ్ములు చంపుకున్న ఆ యుద్ధంలో, ఆమె తమ్ముడు దికేయోస్ కొండల్లోకి పోయిన గెరిల్లాలతో కలిశాడు. ఊరంతా రాజు పక్షం. జూన్ నెలలో సైనికులు అతన్ని కాల్చి, శవాన్ని ఊరి పై దారి మలుపులో పడేశారు. ఎవరు ముట్టుకున్నా అదే గతి అని కాఫీ కొట్టు ముందు చదివి వినిపించారు. రెండు రోజులు లిగెరీ ఆ దారి వైపు తల తిప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఎండకి ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంటే, కాపలా సైనికుడు కూడా చెట్టుకింద టోపీ ముఖం మీద వేసుకుని నిద్రపోతే, ఆమె ఒక నేత దుప్పటి తీసుకుని వెళ్ళింది. కొండల్లో తిండి లేక అతను ఎముకల గూడయ్యాడు. దుప్పటి మీద దొర్లించి, దారి వెంట కిందికి, ఊరి అంచునున్న తమ కళ్ళం దాకా లాక్కొచ్చింది. కళ్ళం నేలంతా బండలు పరిచి ఉంది. మూలనున్న మూడు బండలు ఒలీవ కర్రతో లేపి, కింద రాతిలో ఉన్న సందులో అతన్ని పడుకోబెట్టి, ఎప్పటిలా మూసేసింది.

మూసేశాక చూస్తే ఒక బూటు లేదు. వెతుక్కుంటూ వెనక్కి పోయింది. దారి కింది మలుపు చేరేసరికి సైనికులు కనిపించారు. బూటు తొదొరోస్ ఇంటి గోడ పక్కన దొరికింది వాళ్ళకి. తొదొరోస్‌ని ఇంట్లోంచి ఈడ్చుకొస్తున్నారు. అతను స్తవ్రియానీ మొగుడు. పదకొండు రోజులు కొట్టారు. తిరిగి వచ్చినప్పుడు ఎడమ కాలు నేలకి ఆనలేదు. ఆ కాలుతోనే తొమ్మిదేళ్ళు బతికి, చనిపోయాడు.

శవాన్ని కొండల్లోని వాళ్ళే ఎత్తుకుపోయారని కొందరు, నక్కలు తినేశాయని కొందరు అనుకున్నారు. లిగెరీ తల్లి ఆరేళ్ళపాటు "నక్కలేనంటావా?" అని అడిగి అడిగి కన్ను మూసింది. తల్లికి కూడా చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే ఊరికి వినిపిస్తుంది. ప్రతి వేసవిలోనూ ఆ బండల మీదే గాడిదని తిప్పి గోధుమ తొక్కించింది. పక్కన నిలబడి స్తవ్రియానీ తూర్పారబట్టేది.

ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళ వయసులో లిగెరీ తన ఇంటి తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, మళ్ళీ తీసి, మెనిస్ దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఈ కథ నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది పెద్దమ్మా."

"రెండున్నర వేల ఏళ్ళంటివి. ఇంతకాలం ఎవరు దాచారు?"

మెనిస్ నవ్వాడు. "అందరూ దాచారు. పెద్ద బళ్ళో పిల్లల చేత చదివిస్తారు కూడాను."

"ఆ పిల్ల ఎలా దొరికిపోయింది?"

"రెండోసారి వెళ్ళి. మొదటిసారి ఎవరూ చూడలేదు. మళ్ళీ ఎందుకు వెళ్ళిందో పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు."

లిగెరీ గోడ పట్టుకుంది. మెనిస్ అది చూడలేదు. అతని కళ్ళు కింద మెరుస్తున్న కళ్ళం మీద ఉన్నాయి. "ఆ కళ్ళం మీదేనట కదా పెద్దమ్మా? పూడ్చే ఘట్టం అక్కడే తీస్తాను. చుట్టూ సముద్రం కనిపిస్తుంది. ఆ మూల మూడు బండలు లేపి కాస్త గొయ్యి తవ్వితే చాలు. అయ్యాక మళ్ళీ పరిచేస్తాం."

"లేపడానికి వీల్లేదు."

"మీకేం నష్టం రాకుండా..."

"మా తాత పరిచిన బండలు. పగిలిపోతాయి. వీల్లేదు."

ఆమె గొంతు పెరిగింది. రెండు ఇళ్ళ అవతల నుంచి సార్జెంట్ వచ్చాడు. చేతిలో ముద్రలు కొట్టిన కాగితాల కట్ట ఉంది. ఆ సినిమా కథలో ప్రతి పేజీకీ ఏథెన్సులో సర్కారు ముద్ర వేయించుకోవాలట. ముద్ర ఉన్నదే తీస్తున్నారా లేదా అని చూడటం అతని పని.

"ఏమిటమ్మా గొడవ? నాలుగు రాళ్ళు ఒక్క పూట లేపితే నీ సొమ్మేం పోయింది? ఏదో దాచినట్టు అడ్డం పడతావేం?"

మాటవరసకే అన్నాడు. లిగెరీకి మాత్రం చెవుల్లో ఎండ కీచురాయిలా గీపెట్టింది.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. బండలు లేపకుండా ఉండాలంటే తవ్వకమే ఉండకూడదు. తవ్వకం ఉండకూడదంటే ఆ కుర్ర దర్శకుడికి అసలు పద్ధతి చెప్పాలి. పొద్దున్నే పోయి చెప్పింది.

"నీ కథలో పిల్ల గొయ్యి తవ్వుతుందా? నువ్వు ఎప్పుడైనా ఈ నేలలో పార దింపావా? జానెడు మట్టి, కింద రాయి. ఇద్దరు మగాళ్ళు గునపాలతో తవ్వితే రోజంతా పడుతుంది. ఒంటరి ఆడపిల్ల తవ్వదు బాబూ. రాళ్ళు పేరుస్తుంది."

మెనిస్ ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. "పెద్దమ్మా, మూల నాటకంలో కూడా తవ్వకం లేదు. పిడికెడు ధూళి చల్లుతుంది, అంతే. తెరమీద చాలదేమోనని నేనే గొయ్యి రాశాను. సిగ్గుచేటు. రాళ్ళే. రాళ్ళే పేరుద్దాం!"

బతికాను అనుకుంది లిగెరీ. ఒక్క పూటే.

షూటింగు రోజున ఊరి ఆడవాళ్ళు పదిమంది నల్ల బట్టలు కట్టుకుని కళ్ళం చుట్టూ నిలబడ్డారు. పాత నాటకంలో అక్కడ ముసలివాళ్ళ బృందం ఉండేదట, మెనిస్ వాళ్ళని తీసేసి ఈ ఆడవాళ్ళని పెట్టాడు. చావు పాటలు కట్టడంలో ఈ కొండల వాళ్ళని మించినవాళ్ళు లేరు మరి. చెల్లెలి వేషం వేసేది ఇరో అనే పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. శవంగా పడుకున్నది లారీ డ్రైవరు. సార్జెంట్ కుర్చీ వేసుకుని కాగితాలు తిరగేశాడు.

"ఇక్కడ 'తవ్వుతుంది' అని ఉంది. గడ్డపారలు ఏవి?"

మెనిస్ చెప్పుకున్నాడు. సార్జెంట్ తల అడ్డంగా ఊపాడు. "రాళ్ళకి ముద్ర లేదు. తవ్వకానికి ఉంది. తవ్వండి. రేపు నన్నెవడైనా అడిగితే పూర్వీకుల పేరు చెప్పనా?"

డ్రైవరు పడుకునే జవాబిచ్చాడు. "సార్జెంటు గారూ, తొందరగా తేల్చండి, వీపు కాలుతోంది. ముద్ర వెయ్యకుండానే చచ్చేట్టున్నాను."

అందరూ నవ్వారు. ఇద్దరు పనివాళ్ళు మాత్రం గునపాలు తెచ్చి ఆ మూలకే వెళ్ళారు. మొదటి గునపం మొన బండల సందులో దిగిన చప్పుడు లిగెరీ పళ్ళలో దిగింది.

"ఆగండి!" అంది. "ఒక్కసారి చూడండి సార్జెంటు గారూ. రాళ్ళయితే ఎలా ఉంటుందో చేసి చూపిస్తాను. నచ్చకపోతే అప్పుడే తవ్వుకోండి."

అతనికి కూడా ఎండగానే ఉంది. సరే అన్నట్టు చెయ్యి ఊపాడు.

లిగెరీ శవం పక్కన దుప్పటి పరిచింది. ఏం చూపించాలో, ఏం చూపించకూడదో ఆలోచించే స్థితిలో లేదు. ఆ గునపాలు ఆ మూలకి పోకూడదు, అంతే. "ఇలా రా అమ్మాయ్. భుజం కింద చెయ్యి వెయ్యి. ఎత్తకు, నడుం విరుగుతుంది. దొర్లించు. తల వైపు నువ్వుండి వెనక్కి నడువు. తల రాళ్ళకి తగలకూడదు." ఇరో నేర్చుకుంటోంది. ఇద్దరూ కలిసి డ్రైవరుని నాలుగడుగులు లాగారు. లిగెరీ చప్పున ఆగి, వంగి, అతని బూటు మడమ నొక్కి లోపలికి తోసింది.

"బూటు చూసుకోవాలే. లాగేటప్పుడు జారిపోతుంది. తెలీను కూడా తెలీదు."

"నా బూటు గట్టిదే పెద్దమ్మా!" అన్నాడు శవం. మళ్ళీ నవ్వులు.

నవ్వుల్లో ఒకటి మధ్యలో తెగిపోయింది. లిగెరీ తలెత్తింది. స్తవ్రియానీ ఆమెనే చూస్తోంది. ముఖంలోకి కాదు. చేతుల్లోకి.

లిగెరీకి అప్పుడు తెలిసింది తన నోట ఏం వచ్చిందో.

సార్జెంట్ కుర్చీలోంచి లేచాడు. అతను ఆ ఊరివాడు కాదు, బూటు సంగతి తెలియదు. కానీ పోలీసువాడు. "బాగా తెలుసే నీకు. ఎవరిని లాగావేం?"

లిగెరీ వంగి దుప్పటి అంచు సర్దింది.

"ఎవరినా?" అంది స్తవ్రియానీ. ఆమె గొంతు గరుకుగా, మామూలుగా ఉంది. "జర్మనోళ్ళు దేశాన్ని ఆక్రమించినప్పటి కరువులో ఈ ఊళ్ళో ఎంతమంది పోయారో లెక్క తెలుసా మీకు? పెట్టెలకి చెక్క లేదు. మొయ్యడానికి మగాళ్ళు లేరు. మేమే దుప్పట్ల మీద లాక్కెళ్ళాం, అది, నేను, అందరం. అప్పటికి మీరు మీ అమ్మ కొంగు పట్టుకుని పాలకి ఏడుస్తుండి ఉంటారు. ఏవే, చెప్పరేం? లాగలేదా?"

"లాగాం, లాగాం," అన్నారు ఆడవాళ్ళు.

సార్జెంట్ ముఖం ఎర్రబడింది. కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను తీసి పేజీ అంచున 'రాళ్ళు, తవ్వకం లేదు' అని రాసి సంతకం గీశాడు. పనివాళ్ళు గునపాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

స్తవ్రియానీ వచ్చి లిగెరీ పక్కనే, భుజానికి భుజం తగిలేట్టు నిలబడింది. ఆమె వైపు తిరిగి చూడలేదు.

కెమెరా తిరిగింది. ఇరో దుప్పటి లాగింది, రాళ్ళు పేర్చింది, ముఖాన్ని చివరికి ఉంచింది. లిగెరీ నేర్పినట్టే చేసింది. తర్వాత ఆడవాళ్ళు ఏడవాలి. మెనిస్ చెయ్యి ఊపాడు. కాగితంలో రాసిన పాట ఒకటుంది, అందరూ బట్టీ పట్టారు. కానీ మొదట గొంతెత్తింది స్తవ్రియానీ. ఆ పాట ఎత్తలేదు.

"పదకొండు రోజులు కట్టారు నిన్ను, నా ఇంటి దూలమా. పదకొండు రోజులు అడిగారు నిన్ను, చేసినదెవరని."

సార్జెంట్ కాగితంలో వేలు పెట్టి వెతికాడు. మెనిస్ కెమెరా ఆపవద్దని సైగ చేశాడు.

"మధ్యాహ్నపు ఎండలో, తలుపు సందులోంచి చూసిన కళ్ళు నీవి. చూసీ మూసుకున్నావు, నాకు కూడా తెరవలేదు."

తొదొరోస్ చూశాడు. తలుపు సందులోంచి చూశాడు, తెలిసీ పదకొండు రోజులు నోరు విప్పలేదు.

"తిరిగొచ్చి నాతో ఆడమనిషి అన్నావు, అంతే అన్నావు. ఇరవై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి ఆడదాని చేతులూ చూశాను. బావి దగ్గర చూశాను, గుళ్ళో చూశాను. ఇవాళ ఆ చేతులు నా పక్కన ఉన్నాయి."

లిగెరీ తన చేతులు నల్ల పైటలో దాచుకుంది. దాచుకుంటే తెలిసిపోతుందని మళ్ళీ తీసింది. పారిపోవాలనుంది. కెమెరా కన్ను నల్లగా ఇటే ఉంది. సార్జెంట్ పాట వింటున్నాడు, కాగితం ఒళ్ళోకి జారిపోయింది.

"ఆ చేతుల పేరు..." స్తవ్రియానీ గొంతు పైకి, ఇంకా పైకి పోయింది. మిగతా ఆడవాళ్ళు పాట అందుకోవడం మరిచిపోయారు. లిగెరీ కళ్ళు మూసుకుంది. తమ్ముడి పేరు మనసులో అనుకుంది. ఇక దాచడం అయిపోయిందనుకుంది. "ఆ పేరు నా పళ్ళ మధ్య ఉంది."

అక్కడ ఆపేసింది. నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ నిలబడింది. ఎంతసేపటికో మెనిస్ "చాలు" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. పరుగున వచ్చి స్తవ్రియానీ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. అంతా అభినయమే అనుకున్నాడు పాపం.

"ఈ పాట పేజీలో లేదు," అన్నాడు సార్జెంట్.

"పేజీలో 'స్త్రీలు విలపిస్తారు' అని కూడా ఉందండీ. విలపించారు," అన్నాడు మెనిస్.

"ఎవరి గురించి పాడావు?"

"నా మొగుడి గురించి," అంది స్తవ్రియానీ. "నా మొగుణ్ణి నేను ఏడవడానికి కూడా ముద్ర కావాలా?"

సార్జెంట్ పాట చివరి మాటలు కాగితం వెనక రాసుకున్నాడు. తర్వాత ఎందుకో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే స్తవ్రియానీ వచ్చి లిగెరీ వాకిట్లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎక్కడున్నాడు?"

"కళ్ళం కింద. ఆ మూల."

"ఆ మూల నిలబడి నీ గోధుమ తూర్పారబట్టాను నేను."

"అవును."

"బూటు నువ్వు పడేశావా, జారిందా?"

"జారింది. అమ్మ మీద ఒట్టు, జారింది."

"జారాక చూశావా?"

లిగెరీ అబద్ధం చెప్పాలనుకుంది, చెప్పలేకపోయింది. "చూశాను. వాళ్ళు తొదొరోస్‌ని ఈడ్చుకుపోతుంటే మలుపులో నిలబడి చూశాను. నోరు రాలేదక్కా. భయమేసింది."

"ఆయనకి వెయ్యలేదా?"

స్తవ్రియానీ వాకిలి దాటబోయి ఆగింది. "నేను చెప్పను," అంది చివరికి. "నీ కోసమని అనుకోకు. ఆయన పదకొండు రోజులు నోరు మూసుకుని దాచినదాన్ని నేను విప్పను. నువ్వు మాత్రం నా గడప తొక్కకు."

వెళ్ళిపోయింది. ఆ వేసవి నుంచి లిగెరీ గోధుమ ఆమె ఒక్కతే తూర్పారబట్టుకుంది.

సినిమా ఏథెన్సులో ఏ పెట్టెలోనో మూలపడిందని విన్నారు. కర్నల్‌లు ఉన్నంతకాలం దాన్ని ఎవరూ చూడలేదు. ఈలోగా ప్రతి జీపు చప్పుడుకీ లిగెరీ కిటికీ పక్కకి తప్పుకునేది. సార్జెంట్ జేబులో మడిచిన కాగితం ఎప్పుడు విప్పుతాడో అని ఎదురుచూసేది. అతను విప్పలేదు. రెండేళ్ళకి బదిలీ అయి పోయాడు. ఆమె ఎదురుచూడటం మానలేదు.

కర్నల్‌లు పడిపోయిన ఏడాది సెప్టెంబరులో లిగెరీ చర్చి ఫాదరు దగ్గరికి పోయి అంతా చెప్పింది. "ఇక భయం లేదమ్మా," అన్నాడాయన. ఆమె తల ఊపింది, కానీ నోరు విప్పేముందే ఆయన చేత తలుపు వేయించింది.

మూడు బండలూ లేపారు. ఎముకలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఆచారం ప్రకారం వాటిని కడగడానికి లిగెరీ వైన్ తెచ్చుకుంది. ఊరివాళ్ళు కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు, కొందరు రాలేదు. స్తవ్రియానీ వచ్చింది. పలకరించలేదు. ఎముకల పళ్ళెం ఒక అంచు పట్టుకుంది, కడిగినంతసేపూ పట్టుకునే ఉంది.

"ఒక్క పాట పాడక్కా వీడికి," అంది లిగెరీ.

"నేను నా మనిషికి పాడుకున్నాను. నీకు గొంతు లేదా?"

లిగెరీ చుట్టూ చూసింది. పై దారిలో ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసింది. తర్వాత, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, తమ్ముడి పేరు పైకి అంది. వినబడీ వినబడనట్టు అంది.

"గట్టిగా," అంది స్తవ్రియానీ, పళ్ళెం వదలకుండా.